నార్వే ఓడ మీద నేనన్న మాట

మా వీధిలో సముద్రం చూసినవాడు ఒక్కడే ఉండేవాడు. వెనక అందరూ ఆయనను ఓడాయన అనేవారు, ఎదురుగా మాత్రం వరస పెట్టి పిలిచేవారు. నాకు మామ వరస. మాది కరీంనగర్ జిల్లాలో ఒక మగ్గాల ఊరు. పని సరిగా సాగని ఏళ్లలో మా కులపు మగవాళ్లు బొంబాయికో షోలాపూర్‌కో మిల్లు పనికి పోవడం మామూలు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఓడాయనా, మా ఎదురింటి అక్క భర్తా అలాగే కలిసి బొంబాయి పోయారు. మిల్లులో పని దొరకక ఓడరేవు పట్టారు. అక్కడి నుంచి నార్వే దేశపు నూనె ఓడ ఒకటి ఎక్కారు. ఇద్దరిలో ఒక్కరే తిరిగి వచ్చారు.

యుద్ధం అయ్యాక కూడా కొన్నేళ్లు ఓడల మీదే ఉండి, ఆ ఒక్కరూ వచ్చింది రజాకార్ల గొడవ అణిగి, తహసీల్ కచేరీ మీద జెండా మారిన తర్వాత. నాకప్పుడు పన్నెండేళ్లు. మోకాళ్లు సరిగా వంగని మనిషి. ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలి ముడతలు పడి ఉండేది. తన ఇంటికి పోకముందే అక్క గడప దగ్గర కూర్చుని, నీ పెనిమిటి యుద్ధంలోనే పోయాడమ్మా అని చెప్పాడట. అక్క లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చిందట. ఏడవలేదని మా అమ్మ, మా మాటలో అవ్వ, చాలా రోజులు చెప్పుకుంది.

ఏడవడానికి అక్క దగ్గర రుజువు లేదు. సర్కారు నుంచి కాగితం రాలేదు. రాదని కూడా ఓడాయనే చెప్పాడు. ఓడ పనికి మనుషులను కుదిర్చే దళారి ఒకడు అక్క భర్తకు ఇంకెవరి పేరు మీదో ఉన్న కాగితం ఇచ్చి ఎక్కించాడు. అప్పుడు చాలామందిని అలాగే ఎక్కించేవారట. ఓడ మునిగాక చావు కబురు ఆ కాగితం మీది పేరుకు, ఆ పేరుగలవాడి ఊరికి పోయి ఉంటుంది. అంటే మా అక్క భర్త ఓడ ఎక్కినట్టే ఎక్కడా రాసి లేదు. ఎక్కాడనీ, పోయాడనీ చెప్పగలిగింది ఓడాయన నోరొక్కటే.

అందుకని అక్క బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు, దినాలు చేయలేదు. అలా అని ముత్తైదువుల్లో కలిసి కూర్చునేదీ కాదు. పేరంటం ఉన్న రోజున ఏదో పని కల్పించుకుని ఇంట్లో ఉండిపోయేది. మిగతా రోజులన్నీ మా ఇంట్లో రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టేది. నేనూ ఆమె పక్కనే చుట్టేదాన్ని. బయటివాళ్లు వస్తే నేను లోపలికి పోయేదాన్ని. పలకరిస్తే తల ఊపడమే తప్ప మాట వచ్చేది కాదు. మాట్లాడనివన్నీ ఒక గీతల నోటుబుక్కులో రాసుకునేదాన్ని. కిరాణా పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి, ముడతలు సాఫు చేసి చదివేదాన్ని. ఏడో తరగతితో బడి మానిపించాక నాకు దొరికిన గ్రంథాలయం అదే.

ఓడాయన కథలు చెప్పేది పొద్దున్నే, వీధిలో పడుగు చాచి గంజి పెట్టేటప్పుడు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నూలు పరిచి, రెండు వైపులా మనుషులు కుంచెలు పట్టుకుని నడుస్తూ గంజి పట్టిస్తారు. ఎండ ముదిరేలోగా అయిపోవాలి కనుక ఇంటిల్లిపాదీ వస్తారు. చేతులకే పని, చెవులకు ఖాళీ.

"మామా, గన్ని ఓడలు ఒక్కపారి పోతె గుద్దుకోవా?" అని ఎవరో అడిగారు ఒకసారి, యుద్ధంలో ఓడలు గుంపుగా పోయేవని ఆయన చెబుతుంటే.

"ఎందుకు గుద్దుకుంటయి? గీ పడుగు సూడు. పోగు పక్కన పోగు, ఒకదాన్నొకటి ముట్టదు. గట్లనే వరుసలు. మా నూనె ఓడను నట్టనడుమ పెడుదురు. సుట్టూ తుపాకుల ఓడలు."

"నిన్ను నట్టనడుమ పెట్టిండ్రా? గంత ముద్దా నీ మీద?" అంది మా పక్కింటి ముసలమ్మ.

"నా మీద గాదు వదినా, నూనె మీద."

"ఓడ మీద బీడీ బంద్" అని కూడా చెప్పాడు. "చెప్పులకు ఇనుప మేకులు బంద్. నిప్పురవ్వ పడ్డదంటె అందరం ఆవిరే."

"బీడీ లేక నువ్వు ఒక్క దినం ఉన్నవా! గిదొక్కటి అబద్ధం, మిగిలినయన్ని నమ్ముత" అన్నాడు మా బాపు. వీధంతా నవ్వింది. ఓడాయన కూడా నవ్వాడు.

నవ్వు ఆగాక అదే గొంతుతో ఇంకో మాట చెప్పాడు. "పోగు తెగితె మనం ఏం జేస్తం? ఆగుతం, అతుకుతం. గక్కడ ఆగరు. ఓడ మునిగితె పక్క ఓడ ఆగదు. నీళ్లల్ల మనుషులు చేతులు లేపుతున్నా ఆగదు. ఆగితె అదీ పోతది. గదే కానూను." అక్క అప్పుడు పడుగుకు అవతలి వైపున ఉంది. కుంచె ఆపకుండా నడుస్తూనే ఉంది.

ఇవన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి. ఓడ మీది తెల్లవాళ్లకు కూడా యుద్ధం అయ్యేదాకా ఇంటి నుంచి ఉత్తరం ముక్క రాలేదని ఆయన చెప్పిన మాట కూడా ఉంది. ఆ మాట కింద గీత గీసి పెట్టుకున్నాను. ఎందుకు రాలేదని మాత్రం అడగలేదు.

ఇంకొకటి కూడా రాసి ఉంది. నా దగ్గర బడినాటి అట్లాసు ఉండేది. ఒకరోజు ధైర్యం చేసి దాన్ని వీధిలోకి తెచ్చి, ఓడ ఏ దారిన పోయింది మామా అని అడిగాను. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "గింత నీలం నేనెన్నడు సూడలే. ఇది సముద్రమా, నీలిమందు తొట్టా, పంతులమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. అందులో చెడ్డ నవ్వేమీ లేదు. కానీ నాకు చెవుల దాకా కాలింది. అట్లాసు లోపల పెట్టేసి, 'చదువు రాని మనిషికి పటం చూపించడం నాదే తప్పు' అని రాసుకున్నాను. చిన్న మాటే. కానీ అది ఎక్కడికీ పోలేదు, నా లోపలే ఉండిపోయింది.

నాకు పదిహేడేళ్లు వచ్చిన ఏడు అక్కకు సంబంధం వచ్చింది. ఆసిఫాబాద్‌లో దర్జీ పని చేసే ఒకాయన బట్ట కొనడానికి ఏడాదికి రెండు మూడుసార్లు మా ఊరికి వచ్చేవాడు. ఆయన చెల్లెలిని మా వీధిలోనే ఇచ్చారు. భార్య చనిపోయింది, నాలుగేళ్ల కూతురు ఉంది. ఆ పిల్లను వెంట తెచ్చేవాడు. పిల్ల పోయి పోయి అక్క రాట్నం దగ్గరే కూర్చునేది. మా కులంలో మారుమనువు ఉంది. ఆయన చెల్లెలి చేత అడిగించాడు.

అక్క మా అవ్వతో ఒకటే అంది. "గా పోరి నా కొంగు వదుల్తలేదు చిన్నమ్మా."

"పోరేనా, పోరి తండ్రి కూడానా?" అంది అవ్వ.

"ఊకో చిన్నమ్మా, నువ్వొకదానివి" అని అక్క తల దించుకుని నవ్వింది. ఆ మధ్యాహ్నం నన్ను అడిగింది. "సెల్లె, నీ బుక్కుల ఆసిఫాబాద్ ఉన్నదా? ఎంత దూరముంటది?" అట్లాసులో ఆ పేరు లేదు. ఉండవలసిన చోట వేలు పెట్టి చూపించాను. మా ఊరి నుంచి నా వేలు అరంగుళం కూడా కదలలేదు. "గింతేనా!" అంది. అంత సంతోషంగా ఆమె అన్న మాట నేను అంతకుముందు వినలేదు.

కానీ భర్త ఉన్నాడో పోయాడో తేలని ఆడమనిషికి మారుమనువు చేయరు. కులపెద్దలు అయిదుగురు కూర్చుని, పోయాడని ఒప్పుకుని, విడుదల కాగితం రాసి ఇవ్వాలి. ఓడాయన నలుగురి ముందు మగ్గం మీద నూలు కండెను అటూ ఇటూ నడిపే నాడె మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసి చెబితే చాలన్నారు. నాడె మీద ఒట్టు వేసి మా వాళ్లెవరూ అబద్ధం చెప్పరు. ఆయన సరే అన్నాడు.

పెద్దల్లో రాత పని మా బాపుది. ఆ ఏడు ఆయన కంటికి పొర వచ్చింది. అందుకని కాగితం రాయడానికి నన్ను తీసుకుపోయాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కులం ఇంట్లో కూర్చున్నారు. నేను ద్వారబంధానికి ఆనుకుని, ఒళ్లో పలక పెట్టుకుని, దాని మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఆడవాళ్లు అవతలి అరుగు మీద ఉన్నారు. అక్క వాళ్ల మధ్యలో.

ఓడాయన నాడె మీద చెయ్యి పెట్టి చెప్పాడు. కథలు చెప్పేటప్పటి హుషారు లేదు. మిట్టమధ్యాహ్నం, ఎండ ఉంది. ఇంజనుకు నూనె పట్టే పని వాళ్లిద్దరిదీ. గాలి కోసం పైకి వచ్చి నిలబడ్డారు. నీళ్ల కింది నుంచి టార్పెడో తగిలి ఓడ పక్క పగిలింది. నూనె నీళ్ల మీద పరుచుకుని అంటుకుంది. ఇద్దరూ దూకారు. అక్క భర్త మంటలున్న వైపు పడ్డాడు. ఓడాయన అతని చెయ్యి పట్టుకుని లాగబోతే తన చెయ్యి కాలింది. చెయ్యి జారింది. మళ్లీ పైకి రాలేదు. పక్క వరుసల ఓడలు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి. చిట్టచివర వచ్చే ఓడ తనను ఎక్కించుకుంది.

"ఈత వస్తదా నీకు?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

"రాదు."

"ఈత రాకుండ ఎట్ల బతికినవ్?"

"కట్టె ముక్కను పట్టుకొని ఉంటి. ఈత వచ్చినోళ్లు కూడా పోయిండ్రు పటేలా."

"పక్క ఓడలు ఆగనే ఆగలేదా? మనుషులేనా వాళ్లు?"

"మనుషులే. మా ముంగట ఓడ మునిగినప్పుడు మేమూ ఆగలే."

బాపు నా వైపు తిరిగి, "రాయి బిడ్డా" అన్నాడు. పైన రెండు వరుసలు రాశాను. అప్పుడు అందరిలో పెద్దాయన గడ్డం గోక్కుంటూ అన్నాడు. "అంత మంచిగనే ఉన్నది. గని నార్వే అనే దేశం పేరు నేను పుట్టి వినలే. అసలున్నదా?"

"మా బిడ్డనడుగుండ్రి. దొరికిన కాగితమల్ల సదువుతది" అన్నాడు బాపు.

అంతమంది మగవాళ్లు నా వైపు చూడడం అదే మొదలు. "ఉన్నది" అన్నాను.

అక్కడితో అయిపోయేది. వాళ్లు అడిగింది అంతే. కానీ ఒక్కసారి గొంతు వచ్చాక ఆగలేదు. ఏ పప్పు పొట్లానికో చుట్టిన పాత పత్రిక సగం కాగితం నేను దాచుకుని ఉన్నాను. అందులో యుద్ధపు పటం ఉంది, యుద్ధం మొదట్లోనే జర్మనీ పట్టుకున్న దేశాల పేర్లు ఉన్నాయి. వాటిలో నార్వే ఉంది. మిగతా సగం కాగితం ఎవరింటికి పోయిందో నాకు తెలియదు.

"ఉన్నది గని, యుద్ధం మొదట్లనే దాన్ని జర్మనోళ్లు పట్టుకున్నరు" అన్నాను. "జర్మనోళ్ల చేతిల ఉన్న దేశం ఓడ ఇంగ్లీషోళ్ల ఓడల నడుమ ఎట్ల పోతది?"

పెద్దాయన ఓడాయన వైపు తిరిగాడు. "పోరి అడుగుతున్నది గద. చెప్పు."

ఓడాయన నన్ను చూశాడు. కోపం లేదు. నేను అడుగుతానని అనుకోని మనిషిలా చూశాడు. ఆలోచించి, "ఓడ దేశంల లేకుండె బిడ్డా. సముద్రం మీద ఉండె" అన్నాడు.

కులం ఇల్లంతా గొల్లుమంది. "ఓడ సముద్రం మీద గాక సింతచెట్టు మీద ఉంటదా!" అని ఒకరన్నారు.

"గట్ల గాదు. వాళ్ల రాజు లండన్ల ఉండె..."

"రాజు లండన్ల, ఓడ నీళ్లల్ల, దేశం జర్మనోళ్ల చేతిల! బొంబాయిల కల్లు తాగి పండి కల కన్నవు బావా!"

ఆయన నాడె మీద నుంచి చెయ్యి తీసి, ఆ కాలిన చేతిని పంచెకు తుడుచుకున్నాడు. పెద్దాయన నా ఒళ్లోని కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టాడు. రుజువు చాలదన్నారు. వీడు సముద్రం మొహమే చూసి ఉండడని కూడా ఒకాయన అన్నాడు. అవతలి అరుగు మీద అక్క లేచి, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి పోయింది.

ఆ రోజు పేజీ ఇప్పుడు నా ముందు ఉంది. 'ఈ రోజు మాట్లాడాను. అందరూ విన్నారు' అని ఉంది. అక్క గురించి ఒక్క ముక్క లేదు.

బాపు ఆ సంగతి ఊరంతా చెప్పాడు. మా బిడ్డ అబద్ధం పట్టుకుందని బజారులో కూడా చెప్పాడట. ఓడాయన పడుగు దగ్గరకు వచ్చేవాడు కానీ కథలు చెప్పేవాడు కాదు. ఎవరైనా కదిలిస్తే, "నేనేడ సూసిన సముద్రం" అని కుంచె పట్టుకునేవాడు. రెండు నెలలు గడవకముందే ఖానాపూర్ దగ్గర సేద్యం చేసుకునే తన అక్క ఇంటికి పోయాడు. దర్జీ చెల్లెలి చేత కబురు పెట్టాడు. రెండేళ్లు చూస్తాను, ఇంకే రుజువైనా దొరికితే చెప్పండి, నా పిల్ల ఆమెనే అడుగుతోంది అని. అక్క ఎప్పటిలాగే వచ్చి రాట్నం ముందు కూర్చునేది. నన్ను ఒక్క మాట అనలేదు. చదువుకున్నదానికి తెలిసే ఉంటుంది అనుకుంది.

ఆ గొప్పతోనే బాపు నన్ను మళ్లీ చదివించాడు. ప్రైవేటుగా పరీక్ష కట్టించి, ఏడాదిన్నర తర్వాత కరీంనగర్‌లో ఉపాధ్యాయ శిక్షణలో చేర్పించాడు. అంటే అక్క పెళ్లి ఆపిన మాటే నాకు చదువు తెచ్చిపెట్టింది.

శిక్షణ బడిలో ఒక బీరువా నిండా పాత తెలుగు పత్రికలు కుట్టి పెట్టి ఉండేవి. దసరా సెలవులకు ఇంకా పది రోజులు ఉందనగా, ఒక సంపుటిలో యుద్ధకాలపు ఓడల మీద పెద్ద వ్యాసం కనిపించింది. జర్మనీ నార్వేను పట్టుకున్ననాడు ఆ దేశపు వర్తక ఓడలు ఎన్నో ప్రపంచమంతటా సముద్రాల మీద ఉన్నాయట. అవి ఇంటికి తిరిగి పోలేదట. ఇంగ్లీషువాళ్ల రేవులకు పోయి, రాజు లండన్ చేరాక ఆయన పేరు మీద యుద్ధమంతా నూనె, సరుకూ మోశాయట. ఆ నావికులకు ఇంటి నుంచి ఉత్తరాలు వచ్చే దారి లేకపోయిందట. గుంపుగా పోయే ఓడల్లో నూనె ఓడలను నడిమి వరుసల్లో పెట్టేవారని, మునిగేవారి కోసం మిగతావి ఆగకూడదని కూడా ఉంది.

ఓడ దేశంలో లేదు. సముద్రం మీద ఉంది. ఆయన చెప్పింది అచ్చంగా అంతే. గంట కొట్టినా నేను లేవలేదు. తర్వాత ఆ పేజీన్నరా ఒక కాగితం మీద ఎత్తి రాసుకున్నాను. అలవాటు కొద్దీ పైన తేదీ వేశాను.

అప్పటి దాకా నాది తెలియనితనం. సగం కాగితం చదివి సగం తెలుసుకున్న పిల్ల తప్పు. దాన్ని ఎవరైనా క్షమిస్తారు. తర్వాత చేసిందే నేను ఎవరికీ చెప్పలేదు.

దసరా సెలవులకు ఇంటికి పోయాను. తొమ్మిది రోజులు ఉన్నాను. కాగితం పెట్టెలో బట్టల కింద ఉంది. మొదటి రోజు ఇల్లు నిండా చుట్టాలు. రెండో రోజు బాపు నన్ను వెంటబెట్టుకుని పెద్దాయన ఇంటికి పోయి, "పంతులమ్మ అయితున్నది" అని చూపించాడు. ఆయన, "అబద్ధాలోళ్లను పట్టే పంతులమ్మ" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మూడో రోజు అక్క నా తలకు నూనె పెడుతూ, "కరీంనగర్ల పెద్ద బుక్కులుంటయట గద సెల్లె. గా ఓడ సంగతి ఏమన్న కనవడ్డదా?" అంది.

అడుగు దూరంలో బాపు తుండుగుడ్డ దులుపుకుంటున్నాడు. ఆయన వింటున్నాడో లేదో కూడా తెలియదు. "ఇంకా సూడలే అక్కా" అన్నాను.

"జర సూడు. ఫికర్ లేదు, పరీక్షలయినంకనే సూడు."

మిగిలిన ఆరు రోజులు బతుకమ్మలు పేర్చాను. చెప్పడమంటే అందరి ముందూ తప్పు పట్టినదాన్ని అందరి ముందూ తప్పని ఒప్పుకోవడం. బాపు తల ఎత్తుకుని తిరుగుతున్న వీధిలో ఆయనకు ఇజ్జత్ లేకుండా చేయడం. వచ్చే సెలవులకు చెబుదాం, దర్జీ రెండేళ్లు చూస్తానన్నాడు కదా, ఇంకా గడువు ఉంది అనుకుని తిరిగి పోయాను. నా లెక్కలో గడువు ఉంది. దర్జీ మాత్రం పిల్లకు జ్వరాలు పట్టుకుని, చూసుకునే దిక్కు లేక మాఘమాసంలో చెన్నూరు వైపు అమ్మాయిని చేసుకున్నాడు. బాపు రాయించిన కార్డులో వేరే విషయాల చివర ఒక వాక్యంగా ఆ కబురు వచ్చింది.

ఎండాకాలం ఇంటికి పోయి మొదట బాపుకు చెప్పాను. కాగితం చదివి వినిపించాను. "ఇప్పుడు మల్ల పంచాయితి పెట్టి ఏం జేస్తం బిడ్డా? గాయన లగ్గం అయిపాయె" అన్నాడు. అయినా మర్నాడు పెద్దాయన దగ్గరకు పోయి వచ్చాడు. "ఆడిపిల్ల మాట మీద తీర్పులు మార్చుకుంట కూసుంటమా అన్నడు" అని చెప్పాడు. ఆ తీర్పు ఇచ్చిందే ఆడపిల్ల మాట మీద. ఆ ముక్క నేను బాపుతోనూ అనలేదు.

అక్క ఇంటికి ఒక్కదాన్నే పోయాను. ఆమె రాట్నం ఆపకుండానే వింది. నేను చదవడం అయ్యాక ఆపింది.

"అయితె ఓడాయన చెప్పింది నిజమేనా?"

"నిజమే అక్కా. అంతా నిజమే. నేనే తప్పు చెప్పిన."

"గిది ఎప్పుడు సదివినవ్?"

తలుపు తెరిచే ఉంది. బయట ఎవరూ లేరు. ఈసారి బాపు లేడు, పెద్దలు లేరు, నవ్వేవాళ్లు లేరు. "మొన్న" అన్నాను. "పరీక్షల ముంగట."

ఆమె ముఖం తేలికపడింది. "మొన్ననేనా" అని నా తల మీద చెయ్యి వేసింది. "అయితె నీదేం తప్పు లేదు సెల్లె. దొరకంగనే ఉరికొచ్చినవ్. గా లగ్గం నా నొసట లేదు, అంతే." కొంతసేపటికి, నాతో కాదన్నట్టుగా, "అయితె ఆయన నిజంగనే పోయిండు" అంది. అప్పుడు ఏడ్చింది. అన్నేళ్లూ ఏడవని మనిషి రాట్నం మీద తల పెట్టి ఏడ్చింది. నేను పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరాను.

దినాలు చేస్తానంది. పెద్దలు ఒప్పుకోరేమో అన్నాను. "నా మొగనికి నేను ఏడ్సుకుంట. నడుమ పెద్దలేంది?" అంది. ఓడాయనకు కబురు చేయమంది. పాపం, చేయని తప్పుకు అబద్ధాలకోరు అయ్యాడంది. ఉత్తరం రాశాను. ఎవరి చేతనో చదివించుకుని, ఆయన బస్సు ఎక్కి వచ్చాడు.

వాకిట్లో చాప మీద కూర్చుని, "బుక్కుల ఏమున్నదో సదువు బిడ్డా, నేను కూడా వింట" అన్నాడు. చదవబోయే ముందు లోపలికి పోయి, కాగితం పై అంచున ఉన్న తేదీ చించి పొయ్యిలో వేసి వచ్చాను. ఆయనకు చదువు రాదు, అక్కకు రాదు. అయినా చించాను.

విన్నాక, "గదే గద నేను చెప్పింది!" అని చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు. "మంచిగ సదివినవ్ పంతులమ్మా." నన్ను ఒక్క మాట అనలేదు.

అక్క ఆయనను అడిగింది. "పోయేముందు గా ఓడ మీద నా పేరు ఏమన్న ఎత్తిండా అన్నా?"

ఓడాయన తల అడ్డంగా ఊపాడు. "ఎత్తలే సెల్లె. అబద్ధమెందుకు చెప్పాలె. ఉప్పు చేపలు తినీ తినీ పరేషానయితున్నమని ఇద్దరం తిట్టుకుంటున్నం. పచ్చిపులుసు తాగి ఎన్నేండ్లయె అన్నడు. గంతట్లనే పగిలింది."

అక్క దినాల రోజు భోజనాల్లో పచ్చిపులుసు చేయించింది. పెద్దలు రాలేదు, వీధిలో సగం మంది వచ్చారు. వచ్చిన ప్రతివాళ్లకూ అక్క నన్ను చూపించి అదే చెప్పింది. "మొన్ననే సదివిందట. సదవంగనే ఉరికొచ్చి తన తప్పు తనే చెప్పింది. ఎవరు చెప్పుకుంటరు గట్ల?" పక్కింటి ముసలమ్మ నా బుగ్గలు నిమిరి, "సదువుకున్నోళ్లు గిట్లుండాలె" అంది. నాకు మొదటి వరుసలో విస్తరి వేశారు. తిన్నాను. రెండోసారి వడ్డించినా తిన్నాను.

అది మొన్న కాదు. దసరాకు పది రోజుల ముందు. దర్జీకి లగ్గం కావడానికి నాలుగు నెలల ముందు. అక్క నా తలకు నూనె పెడుతూ అడిగిననాడు ఆ కాగితం నా పెట్టెలో ఉంది.

ఇప్పుడు నేను నిర్మల్ దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. ఓడాయన పోయాడు. అక్క ఇంకా కండెలు చుడుతోంది. ఊరికి పోయినప్పుడల్లా నాకు ఇష్టమైనవి వండి పెడుతుంది. చుట్టుపక్కల ఆడవాళ్లకు ఏ కాగితం వచ్చినా, గీ పోరి వచ్చినంక సదివించుకుందురు, ఉన్నదున్నట్టు చెప్తది అని ఆపుతుందట.

ఇది అచ్చయితే పత్రిక మా ఊరికీ పోతుంది. ఇందులో తన సంగతి ఉందని అక్కకు ఎవరో చెబుతారు. ఆమె ఎవరి చేతా చదివించుకోదు, దాచి పెట్టి నేను వచ్చేదాకా ఆగుతుంది. ఆమె ముందు కూర్చుని నేనే చదవాలి. 'అది మొన్న కాదు' అన్న చోటికి వచ్చినప్పుడు ఆగకుండా, ఏమీ చించకుండా, ఆ తర్వాతి వాక్యం కూడా చదవాలి.